పిట్ట ముట్టని విస్తరి

కాకి రాకూడదు. ఆ ఉదయం ఇన్‌స్పెక్టర్ సుచరితకు కావలసింది అదొక్కటే.

మైసయ్యను పూడ్చిన మట్టి ఇంకా ఆరలేదు. దాని మీద విస్తరి పరిచి అన్నం, యాటకూర, ఉడకబెట్టిన గుడ్డు, ముంతలో కల్లు, పక్కనే రెండు బీడీలు పెట్టారు. అయినవాళ్ళంతా వెనక్కి జరిగి బొందలగడ్డ అంచున కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నారు. మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెట్టడం ఒర్రెగూడెంలో ఎవరికీ తప్పదు. కాకి వచ్చి ముడితే పోయినవాడు తృప్తిపడ్డాడని లెక్క. అప్పుడు అందరూ ఇంటికెళ్ళి అన్నం తింటారు. ముట్టకపోతే వాడి ప్రాణం ఇంకా దేనికోసమో కొట్టుకుంటోందన్నమాట. ఒక్కొక్కరే లేచి విస్తరి దగ్గరికి వెళ్ళి, అదేమిటో ఊహించి, పోయినవాడికి మాట ఇవ్వాలి. పైకి వినపడేలా ఇవ్వాలి. మనసులో అనుకుంటే చెల్లదు.

ఆ చివరి షరతు మీదే సుచరిత ఆశ పెట్టుకుంది. కోర్టు బోనెక్కి ప్రమాణం చేసి నిలువునా అబద్ధాలాడిన పెద్దమనుషుల్ని ఆమె ఇన్నేళ్ళ సర్వీసులో బోలెడుమందిని చూసింది. పిట్ట ముందు అబద్ధమాడినవాణ్ణి మాత్రం ఒక్కణ్ణీ చూడలేదు. మైసయ్య తమ్ముడు ఐలేశం నిన్న సాయంత్రం ఆమె ఎదుట రెండు గంటలు కూర్చుని ఒక్క ముక్క రాల్చలేదు. ఇవాళ ఇక్కడ రాలుస్తాడేమో చూడాలి. అందుకే కాకి రాకుండా చేసింది.

చేయడం పెద్ద పనేం కాదు. మక్కచేలలో రైతులు చేసేదే. చచ్చిన కాకిని తలకిందులుగా వేలాడదీస్తే మిగతా కాకులు ఆ దరిదాపులకు రావు, దూరం నుంచే గోల చేసి వెళ్ళిపోతాయి. హెడ్ కానిస్టేబుల్ జాషువా తెల్లవారేసరికి బొందలగడ్డ వెనక తుమ్మకొమ్మకు ఒకదాన్ని కట్టి వచ్చాడు. ఇటువైపు కూర్చున్నవాళ్ళకు అది కనిపించదు. చచ్చిన కాకి కోసం వెతుక్కోవలసిన అవసరం కూడా రాలేదు. టైర్ల కంపెనీ కింద, ఒర్రె ఒడ్డు బురదలో, రెక్కలకు నల్లటి జిడ్డు పట్టి చచ్చిన పిట్టలు ఏరుకున్నన్ని.

కట్టి వచ్చాక జాషువా సబ్బు పెట్టి చేతులు కడిగిందే కడిగాడు.

“నేను చర్చికి పోయేటోన్ని మేడం, నాకు పిట్ట పట్టింపు లేదు,” అన్నాడు. “గాని బాలనర్సమ్మ మొన్నటిసంది నోట్ల మెతుకు పెట్టలే. పిట్ట ముట్టేదాక పెట్టది. గిది పాపం.”

“పాపమే,” అంది సుచరిత. “నవీన్ మనకంటే ముందుగాల కంపెనీ మనుషులకు దొరికితే గది ఇంకా పెద్ద పాపం.”

నవీన్‌కుమార్ మైసయ్యకు సొంత అక్క కొడుకు. మైసయ్య కూతురు రూపను అతనికే ఇవ్వాలని రెండిళ్ళలోనూ ఎప్పటినుంచో అనుకుంటున్నదే. పాత టైర్లను బట్టీలో కాల్చి నూనె తీసే కంపెనీ ఊరి పక్కన లేచాక ఆ రెండిళ్ళకూ చెడింది. కంపెనీ వచ్చిన కొన్నేళ్ళకే ఊళ్ళో నీళ్ళు కిరసనాయిలు వాసన కొట్టాయి. చూడి బర్రెలు నెలలు నిండకుండానే దూడల్ని పడేశాయి. ఆడవాళ్ళకు మోచేతుల దాకా పుండ్లు లేచాయి. ఒర్రెగూడెం పత్తి అంటే మోత్కూర్ మార్కెట్‌లో సేట్లు మూట విప్పకుండానే చెయ్యి ఊపి పంపేస్తున్నారు. నవీన్ కంపెనీ గేటు ముందు టెంటు వేసి ఊరినంతా తెచ్చి దాని కింద కూర్చోబెట్టాడు. మైసయ్య మాత్రం టెంటు పక్కనుంచే తల వంచుకుని లోపలికి పోయి రాత్రంతా బట్టీ మండించేవాడు. ఒకరోజు మామా అల్లుళ్ళు ఊరంతా చూస్తుండగా తిట్టుకున్నారు. నీ అసొంటోళ్ళను గా నూనె హౌజుల ముంచాలె అని నవీన్ నోరు జారాడు. మూడోనాటి పొద్దున మైసయ్య శవం ఆ నూనె హౌజులోనే బోర్లా తేలింది.

కంపెనీకి ఇంకేం కావాలి. మధ్యాహ్నానికల్లా టెంటు నేలమట్టమైంది. అడ్డుపడిన ఇద్దరు ఆడవాళ్ళకు చేతులు విరిగాయి. నవీన్ పారిపోయాడు, ఎటు పోయాడంటే రూప తనకు ఎరుకలేదంది. హంతకుల టెంటులో ఇంకా ఎవరు కూర్చుంటారో చూస్తామని కంపెనీవాళ్ళు మైకు పెట్టి మరీ చెప్పారు, ఎవరూ కూర్చోలేదు. నవీన్ నేరం చేయలేదని నమ్మేవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురే మిగిలారు. బాలనర్సమ్మ వాళ్ళలో లేదు. మొగుణ్ణి మేనల్లుడే చంపాడని ఆమె శవం మీద పడి ఏడ్చింది.

నిన్న మధ్యాహ్నం సుచరిత ఆ హౌజును చూసింది. నేలలోకి తవ్వి సిమెంటు చేసిన తొట్టి అది, మనిషి మునిగేంత లోతు. బట్టీ నుంచి వచ్చే ఇనుప గొట్టం సరిగ్గా దాని నెత్తిన ఆగుతుంది. సూపర్‌వైజర్ నాగరాజు పక్కన నిలబడి అడగకముందే అన్నీ అప్పజెప్పాడు. రాత్రి ఒంటిగంటకు కుక్కలు మొరిగాయట. గోడ దూకి వచ్చిన మనిషి మైసయ్యను హౌజులోకి తోసి పారిపోవడం దూరం నుంచి చూశాడట. నడక నవీన్‌దేనట, అందులో అనుమానం లేదట. సుచరిత అంతా ఓపిగ్గా విన్నది. ఆమెకు ఓపిక తక్కువ, అయినా విన్నది. చివర్లో ఆ గొట్టం చూపించింది.

“బట్టీ ఎన్నింటికి మండిస్తరు?”

“రాత్రి తొమ్మిదింటికి మేడం.”

“నూనె ఎప్పుడు దిగుతది?”

“పన్నెండు దాటినంక షురువైతది. నాలుగు దాక దిగుతనే ఉంటది.”

“గప్పుడు హౌజుల చెయ్యి పెట్టొచ్చా?”

ఆడమనిషి అమాయకత్వానికి నాగరాజుకు నవ్వొచ్చింది. “చెయ్యి పెడితే తోలు ఊడి కిందబడ్తది మేడం.”

ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తన నోటి నుంచి ఏం జారిందో వాడికి అప్పుడు తెలిసింది. మైసయ్య ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. భువనగిరి దవాఖానలో శవాన్ని కోసిన డాక్టరమ్మ ఆ సంగతి చెప్పింది. ఊపిరితిత్తుల్లో ఉన్నది నూనె కాదు, నల్లటి నీళ్ళు అని కూడా చెప్పింది. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఉందట. కంపెనీ ఆవరణలో ఎర్రమట్టి వెతికినా దొరకదు, ఎటు చూసినా మసే. అంటే మనిషిని ఇంకెక్కడో నీళ్ళలో ముంచి చంపారు. నూనె చల్లారాక తెల్లవారుజామున తెచ్చి ఇందులో పడేశారు. ఆ వేళ గేటుకు తాళం, లోపల కంపెనీ మనుషులు తప్ప ఇంకొకరు లేరు.

“ఆ రాత్రి బట్టీ నడువలే,” అని వెనక నుంచి ఎవరో అన్నారు.

రఘుపతి. పోలీసు శాఖలో డీఎస్పీగా రిటైరై ఇప్పుడు కంపెనీ భద్రత చూసుకుంటున్నవాడు. సుచరిత కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ట్రైనింగ్‌లో పాఠాలు చెప్పింది కూడా ఆయనే. గాలిలోనే మసి ఉండే ఆ ఆవరణలో ఆయన చొక్కా మీద మరక లేదు. సూపర్‌వైజర్‌కు ప్రాణం లేచొచ్చింది. అవునవును, బట్టీకి రిపేరొచ్చింది, ఆ సంగతే మరిచిపోయానన్నాడు.

“బట్టీ నడువకుంటే గోడ పక్క పుష్పమ్మ చేన్ల పత్తి మీద మసి యాడికెల్లి వచ్చింది సార్?” అని అడిగింది సుచరిత.

“మసికి తారీఖు ఉంటదా సుచరితా?”

“ఆ పొద్దుగాల పలిగిన కాయకు ఉంటది. ముందటి దినం మూసుకోనున్న కాయ లోపటికి పాత మసి ఎట్ల వోతది? పుష్పమ్మ ఆ తెల్లారే ఏరి మూట గట్టింది. నేను విప్పి చూసిన.”

రఘుపతి చెయ్యి ఊపి సూపర్‌వైజర్‌ను పంపేశాడు. తరువాత చాలా మర్యాదగా మాట్లాడాడు. మంచి సర్వీసు ఉన్నదానివి, ఊరోళ్ళ మాట పట్టుకుని చెడగొట్టుకోవద్దన్నాడు. ఈ కేసు తేలకపోతే రేపు మళ్ళీ టెంటు లేస్తుంది, తలలు పగులుతాయి, ఆ రక్తం నీ లెక్కలోనే పడుతుందన్నాడు. సుచరిత గేటు వైపు కదిలేసరికి ఆ మర్యాద కూడా అయిపోయింది.

“నవీన్‌గాన్ని రేపు సాయంత్రంలోగ నేనే దొరకబట్టి ఇస్త. ఎట్ల దొరికితే గట్ల.”

“బతికున్నోన్ని ఇయ్యాలె సార్.”

“పారిపోయేటోడు గుట్టలెక్కుతడు, క్వారీలల్ల దుంకుతడు. గవన్ని నా చేతుల ఉంటయా?”

ఆయన పాఠాలు చెప్పే రోజుల్లో కూడా పారిపోబోయి చచ్చినవాళ్ళ కథలు ఎక్కువగా చెప్పేవాడు. క్లాసులో అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వింది.

మిగిలింది ఐలేశం. కంపెనీలో ట్రాక్టర్ తోలుతాడు. ఒర్రెగూడెంలో ట్రాక్టర్ కడిగితే దసరాకే కడుగుతారు. అన్న శవం దొరికిన పొద్దున ఐలేశం ట్రాలీ నిగనిగలాడుతూ ఉంది, దాని పలకల సందుల్లో మాత్రం ఎర్రమట్టి మిగిలి ఉంది. ఆ మట్టి ఎక్కడిదని సుచరిత అడిగింది, మెల్లగా అడిగింది, కసిరి అడిగింది, నీళ్ళిచ్చి అడిగింది. అన్న పోయిన దుఃఖంల ఏం జేసిన్నో ఎరుకలే అన్నది ఒక్కటే వాడి పాట. వదిలేస్తే ఇంటికి పోలేదు. మర్నాటి పిట్టకోసం యాటను తెచ్చే పని మీద పోయాడు. అన్నకు మేలైన యాటే కావాలని నాలుగు మందలు తిరిగి తెచ్చాడని జాషువా వచ్చి చెప్పినప్పుడు సుచరితకు దారి దొరికింది. వాడికి పోలీసులంటే భయం లేదు. అన్నంటే ఉంది.

ఇప్పుడు పొద్దు బారెడు పైకెక్కింది. విస్తరి మీద ఈగలు ముసిరాయి. దూరంగా రెండు కాకులు అరిచి అటునుంచి అటే పోయాయి. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. మొదట బాలనర్సమ్మ లేచింది. మోచేతుల పుండ్లకు కట్టిన గుడ్డలు చీకిపోయి ఉన్నాయి. లేవగానే తూలితే ఇద్దరు పట్టుకున్నారు.

“ఓ రూపోల్ల బాపు,” అని పిలిచింది విస్తరిని చూస్తూ. “పిల్ల పెండ్లి నేను జేస్త. కూలి చేసన్న జేస్త. నీ పానం దాని మీద పెట్టుకోకు. ముట్టు.”

కాకి రాలేదు. ఆమె కూర్చోలేదు, అక్కడే మోకాళ్ళ మీద వాలిపోయి మట్టిని తడుముతూ ఉండిపోయింది. సుచరిత చూపు పక్కకు తిప్పుకుంది. ఒక్క సైగ చేస్తే జాషువా తుమ్మకొమ్మ దగ్గరికి పోతాడు, ఇదంతా ఆగిపోతుంది. ఆమె చెయ్యలేదు.

రోడ్డు మీద తెల్లబండి వచ్చి ఆగింది. రఘుపతి దిగి, గుంపు దగ్గరికి రాకుండా, బొందలగడ్డ చుట్టూ తీరిగ్గా ఒక రౌండు వేశాడు. వెనక తుమ్మచెట్టు దగ్గర ఆగి తల పైకెత్తి చూశాడు. తిరిగి వచ్చి సుచరిత పక్కన నిలబడ్డాడు.

“గీ పాఠం నేను జెప్పలేదే,” అన్నాడు గొంతు తగ్గించి.

“మీ దగ్గర నేర్చుకోనివి శాన ఉన్నయి సార్.”

“నేను ఇప్పుడు గట్టిగ ఒక్క మాట చెప్తే గీ జనం నిన్ను ఈన్నే పాతిపెడ్తరు.” ఆయన నవ్వాడు. “చెప్పను లే. కాకి రాకుంటే నాకు నష్టమేముంది.”

ఆ నవ్వుకు అర్థం వెతికే తీరిక సుచరితకు లేకపోయింది. అవతల గుంపులోంచి రూప లేచింది. తండ్రికి రెండు చేతులూ జోడించి నిలబడింది. బాపూ అని మాత్రం అని, మొహం చేత్తో కప్పుకుని, తల్లికి నీళ్ళు తెస్తానని బిందె తీసుకుని రోడ్డు వైపు పోయింది. రఘుపతి కూడా తన బండి వైపు నడిచాడు. సుచరిత ఆ ఇద్దర్నీ చూసింది, చూసి వదిలేసింది. ఆమె కళ్ళన్నీ ఐలేశం మీదే ఉన్నాయి.

ఐలేశం అందరికంటే వెనక, గొంతుక్కూర్చుని, తలకు తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. ఇంకెవరు మిగిలారని పెద్దమనుషులు అడిగారు. ఎవరూ వాడి పేరు ఎత్తకముందే బాలనర్సమ్మ తల తిప్పింది.

“ఐలేశా, నువ్వు పో. చిన్నప్పుడు నువ్వు తింటెనే నీ అన్న తినేటోడు. నువ్వు అడుగు.”

నాకు చాత కాదు వదినె అని ఐలేశం వెనక్కి జరిగాడు. పక్కవాళ్ళు లేపి నిలబెట్టారు. పడుతూ లేస్తూ విస్తరి దగ్గరికి వెళ్ళాడు. కల్లుముంత ముందుకు జరిపాడు, బీడీలు సర్దాడు, ఇంకా సర్దడానికి ఏమీ లేక ఆగిపోయాడు. వెనక్కి తిరిగి ఆకాశం చూశాడు. ఎక్కడా ఒక్క రెక్క లేదు.

“అన్నా,” అన్నాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా, అందరికీ వినపడేలా. “అన్నా, బోరు పూడిపిస్తనే. గా నల్లనీళ్ళు ఇగ పోయనియ్య. నా పెండ్లాం పిల్లల మీద ఒట్టు, ఇగ ఒక్క చుక్క పోయనియ్య. ముట్టే.”

ఏ బోరు అని మొదట అడిగింది బాలనర్సమ్మే. ఐలేశం నుదురు మట్టికి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. సర్కారు ఇచ్చిన రెండెకరాల్లో మైసయ్య ఎప్పుడో వేయించి, నీళ్ళు పడక వదిలేసిన బోరు ఒకటుందని అక్కడ అందరికీ తెలుసు. ఆ చెలక ఎర్రచెలక. ఒక ముసలాయన అదే మాట పైకి అన్నాడు. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని బోరు ఉన్న వైపు గబగబా నడిచారు. దారిలో ఎవరి చేతికి ఏది దొరికితే అది అందుకున్నారు.

సుచరిత ఐలేశం జబ్బ పట్టుకుని సమాధుల వెనక్కి లాక్కుపోయింది. ఇక అడగవలసిన పని లేకపోయింది, వాడే కక్కేశాడు. బట్టీలో మిగిలే నల్లనీళ్ళను ట్యాంకరుతో ఒర్రెలోకి పోస్తే ఊరోళ్ళు చూస్తున్నారని, రాత్రిళ్ళు మైసయ్య ఎండిన బోరు గొట్టంలోకి పోయించాలని కంపెనీ ఆలోచన చేసింది. అన్న రాత్రంతా బట్టీ మీద ఉంటాడు, పగలంతా నిద్రపోతాడు, బీడు పడ్డ చెలక వైపు పోడు. ఐలేశం తన ట్రాక్టర్‌కు ట్యాంకరు కట్టి తోలడానికి ఒప్పుకున్నాడు. భూమి లోపల ఊట ఒక్కటే. ఏడాది తిరక్కుండా ఊళ్ళో ప్రతి బోరులోనూ అవే నీళ్ళు వచ్చాయి. వదినె చేతుల పుండ్లు, చచ్చి పుట్టిన దూడలు, అన్నీ తన అన్న బోరులోంచి వచ్చినవే. ఆ రాత్రి పనికి పోతూ ట్యాంకరు తన చెలక వైపు మళ్ళడం చూసి మైసయ్య దాని వెంట నడిచాడు.

“తెల్లారంగనే టెంట్లకు పోయి జెప్త అన్నడు,” అన్నాడు ఐలేశం. “అల్లుని కాళ్ళు మొక్కుత అన్నడు. నా బోరే ఊరిని సంపింది గదరా అని నా మెడ పట్టుకోని ఏడ్సిండు.”

“ఎవరు ముంచిండ్రు?”

“బోరు పొంటి గుంతల నల్లనీళ్ళు నిలిచి ఉండె. ట్యాంకరెంబడి వచ్చిన రఘుపతి సారు తల వట్టి ముంచిండు.”

“నువ్వేం జేసినవ్?”

ఐలేశం తన రెండు అరచేతులు చూసుకున్నాడు. “కాళ్ళు కొట్టుకుంటున్నయి మేడం. పట్టుమన్నడు. పట్టిన.”

సుచరిత బేడీలు తీసింది. చేతిలో బేడీలు ఉండబట్టి సరిపోయింది, లేకపోతే వాణ్ణి అక్కడే కొట్టి ఉండేది. బేడీలు వేసి తెచ్చి జీపులో వెనక కూర్చోబెట్టి, జాషువాకు సైగ చేసింది. అతను ఆ సైగ కోసమే పొద్దటినుంచి కాచుకుని ఉన్నాడు. వెనకవైపు నుంచి వెళ్ళి కాకిని విప్పి గోనెసంచిలో వేసుకుని గట్టు దిగిపోయాడు.

ఆమెకు తృప్తిగా ఉంది. దాచుకోవడం దేనికి, నిజంగానే తృప్తిగా ఉంది. నిందితుడు దొరికాడు, సాక్ష్యం చెప్పే నోరు దొరికింది, చంపిన చోటు దొరికింది. నవీన్ ఇవాళే ఇంటికి పోవచ్చు, రేపు గేటు ముందు మళ్ళీ టెంటు వేసుకోవచ్చు. రఘుపతి ఏ క్లాసులో ఏం చెప్పినా ఈసారి బోనెక్కక తప్పదు. మొగుడు పోయిన ఆడమనిషిని ఇంతసేపు మట్టి మీద పొర్లించినందుకు ఆ మాత్రం ఫలితం దక్కిందని ఆమె తనకు తాను చెప్పుకుంది.

పది నిమిషాలకు మొదటి కాకి వచ్చింది. గట్టు మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి, గెంతుకుంటూ విస్తరి దగ్గరికి పోయి అన్నంలో ముక్కు పెట్టింది. దాని వెనకే మరో రెండు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఏడ్చారు. బాలనర్సమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ చేతులు ఎందుకు అలా అయ్యాయో ఎవరూ ఇంకా ఆమెకు విడమర్చి చెప్పలేదు.

రూప నీళ్ళ బిందెతో అప్పుడే వచ్చి తల్లి పక్కన ఆగింది. కాకుల్ని చూసి బిందె దించి, చున్నీతో మొహం తుడుచుకుంది. మూడు రోజుల్లో ఆ పిల్ల మొహం అంత తేటగా ఉండడం సుచరిత మొదటిసారి చూసింది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

“రూపా, నవీన్ మీ బాపును సంపలే. సంపినోల్లు ఎవరో ఇప్పుడు తెలిసింది. నవీన్ యాడున్నడో నీకు ఎరుకని నాకు తెలుసు. ఏ జాగనో చెప్పు, నేనే పోయి తోలుకొస్త.”

రూప అయోమయంగా చూసింది.

“జెప్పిన గద మేడం.”

“ఎవరికి?”

“రఘుపతి సారుకు. నీళ్ళకు పోతాంటె బండి ఆపిండు. నువ్వు వాన్ని దాచిపెట్టినవ్ గాబట్టే మీ బాపు ముడ్తలేడు, తండ్రిని ఇంక ఎన్ని దినాలు ఉపాసముంచుతవ్ అన్నడు. ఈదమ్మగుట్ట క్వారీల ఉన్నడని జెప్పిన.” ఆమె విస్తరి వైపు చెయ్యి చూపింది. గుడ్డు కోసం రెండు కాకులు కొట్టుకుంటున్నాయి. “జెప్పినంకనే వచ్చింది, సూడుండ్రి. బాపుకు గదే గావాలె.”

సుచరిత రోడ్డు వైపు చూసింది. తెల్లబండి లేదు. ఎంతసేపైందని అడిగితే గట్టు మీది ముసలామె అరగంట పైనే అయిందని చెప్పింది. గుట్ట దగ్గరికి పది నిమిషాల దారి. ఊళ్ళో మగవాళ్ళంతా బోరు దగ్గర ఉన్నారు, అది దానికి సరిగ్గా ఎదురు దిక్కు.

జాషువా సంచి పారేసి జీపు స్టార్ట్ చేశాడు. రూప వెంట వచ్చి సుచరిత చెయ్యి పట్టుకుంది.

“బావను కొట్టరు గద మేడం? ముట్టుకోనని సారు నాకు మాటిచ్చిండు.”

సుచరిత ఆ చెయ్యి విడిపించుకుని జీపు వైపు పరుగెత్తింది.